మా ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగు గారికి

మల్కాజ్‌గిరి,
సికింద్రాబాద్.

మహారాజశ్రీ కొత్తపల్లి వారి ఇంగ్లీషు స్పెల్లింగు గారికి,

ఆ ఇంటి పెద్దకూతురు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. మా ఇంట్లో ఏ బీరువా తెరిచినా, ఏ ఫైలు తాడు విప్పినా మీరు కనిపిస్తూనే ఉంటారు, ఒక్కోచోట ఒక్కో రూపంలో. చాలాకాలంగా మీకు రాయాలనుకుంటున్నాను. మా అమ్మ పెన్షన్ కాగితాలు ఒక కొలిక్కి వచ్చాక రాద్దామని ఆగాను. ఇప్పుడు వచ్చాయి కాబట్టి రాస్తున్నాను.

నాలుగు తరాలుగా మీరు మా కుటుంబంతో ఉన్నారు. తెలుగు లిపి చదవలేని అధికారికి, ఊరుగాని ఊళ్లో ఉద్యోగమిచ్చే యజమానికి, దేశం దాటినప్పుడు మనిషిని పుస్తకంలో రాసుకునేవాళ్లకు మా ఇంటిపేరు ఏమిటో వినిపించడం మీకు అప్పజెప్పిన పని. అంతకుమించి మేమేమీ అడగలేదు. మీకు చేయాల్సిన మర్యాదలన్నీ చేశాం. ఫారాల్లో గడికో అక్షరం చొప్పున పెద్దక్షరాల్లో మిమ్మల్ని కూర్చోబెట్టాం. మా నాన్న మీకోసం ప్రత్యేకంగా నల్లసిరా పెన్ను దాచుకునేవారు. పిల్లలకు అ ఆలు దిద్దించకముందే మిమ్మల్ని వల్లె వేయించిన తల్లులున్నారు మా ఇంట్లో. దీనికి మీరు చేసిన ప్రత్యుపకారం ఏమిటంటే, ఒకే కుటుంబాన్ని కాగితాల మీద ఐదారు కుటుంబాలుగా చీల్చారు.

తెలుగులో మా ఇంటిపేరు కొత్తపల్లి. ముత్తాత చేవ్రాలు నుంచి మొన్న అచ్చువేసిన శుభలేఖ దాకా అందులో ఒక్క ఒత్తు తొలగలేదు, ఒక్క గుడి మారలేదు. మార్పులన్నీ మీవే.

న్యాయంగా ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. మా పేరును పరాయి లిపిలోకి తీసుకెళ్లినవాళ్లలో మీరు మొదటివారు కాదు. నిజాం రాజ్యంలో 1880లలో పారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. మా ముత్తాత శిస్తు కట్టిన రసీదుల్లో మా ఇంటిపేరు కుడి నుంచి ఎడమకు నడిచింది. ఆ లిపిలో ఒ, ఓ, ఊ, ఔ అన్నిటికీ 'వావ్' అనే ఒక్క అక్షరమే దిక్కు. ద్విత్వం చూపించడానికి 'తష్దీద్' అనే గుర్తు ఉంది కానీ చేతిరాతలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాబట్టి కొత్తపల్లి, కోతపల్లి, కూతపల్లి ఆ రసీదు మీద ఒక్కలాగే ఉంటాయి. అయినా ఆ లిపి వల్ల మాకు కష్టం కలగలేదు. ఎందుకంటే రాసిన పట్వారీకి మా ముత్తాత తెలుసు, ఆయన తండ్రి తెలుసు, పొలం గట్టు మీద ఏ చెట్టుందో తెలుసు. తెలిసిన మనిషి పేరు గుర్తుపెట్టుకోవడానికి ఆ రాత సరిపోయేది. మీ కాలం వచ్చేసరికి కాగితం మనిషిని ఎరగనివాళ్ల చేతుల్లోకి వెళ్లింది. వాళ్లకు తెలిసింది మీరొక్కరే. అంత నమ్మకం మీ మీద పెట్టినప్పుడు మీరు ఒకచోట నిలకడగా ఉండాల్సింది.

మీరు మా ఇంట్లో అడుగుపెట్టింది తాతయ్య కాలంలో. లాలాగూడలో నిజాం రైల్వే కార్ఖానా 1893లో వచ్చింది. ఆ తర్వాత మెట్టుగూడ, చిలకలగూడ, మల్కాజ్‌గిరి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో కుదురుకున్నాయి. బతుకుతెరువుకని తాతయ్యా ఈ పక్కకే వచ్చారు. ఆయన చేరిన కొలువు పేరు ఇక్కడ చెప్పను. చేరిన రోజున ఒక గుమాస్తా 'ఇంటిపేరు?' అని అడిగాడు, తాతయ్య చెప్పారు, గుమాస్తా తన చెవికి ఎలా తోస్తే అలా మిమ్మల్ని రాసుకున్నాడు. సీతో మొదలు, నడుమ రెండు టీలు, చివర పీ-యూ-ఎల్-ఎల్-వై. పల్లి కాస్తా 'పుల్లీ' అయి కూర్చుంది. తాతయ్యకు ఇంగ్లీషు రాదు. సర్వీసు పుస్తకం మీద తెలుగులో సంతకం చేశారు. ఆ సంతకం పక్కనే మీరు పరాయివాళ్లలా నిలబడి ఉన్నారు, ఇవాళ్టికీ.

అది ఆ గుమాస్తా ఒక్కడి అలవాటు కాదని నాకు తెలుసు. అప్పటి ఇంగ్లీషువాళ్లు తమ చెవికి ఎలా వినబడితే అలా రాసుకుంటూ పోయారు. కడపకు సీతో మొదలై హెచ్‌తో ముగిసే ఎనిమిదక్షరాల వేషం వేశారు. దాన్ని వదిలించుకోవడానికి 2005 దాకా పట్టింది. కాకినాడ 'కోకనాడ' అయింది, శ్రీకాకుళం 'చికాకోల్' అయింది, తిరుచిరాపల్లిలోని పల్లి 'పోలీ' అయింది. అంతదూరం వెళ్లక్కర్లేదు. మా మల్కాజ్‌గిరిలో గిరి అంటే జీ-ఐ-ఆర్-ఐ. కాస్త అవతల కంటోన్మెంటులో తిరుమలగిరికి వెళ్లి చూడండి. అదే గిరి, అక్కడ జీ-హెచ్-ఈ-ఆర్-ఆర్-వై. పక్కనే బోయిన్‌పల్లిని ఎవరో బోవెన్ దొర ఊరన్నట్టు బీ-ఓ-డబ్ల్యూ-ఈ-ఎన్‌తో రాస్తారు. మా మల్కాజ్‌గిరి అసలు పేరు మల్లికార్జునగిరి అని ఇక్కడి పెద్దలు చెబుతారు. దండు విడిసినచోట ఊళ్ల పేర్లు మీ మాట విన్నాయి, మనుషుల పేర్లు ఎంతలే అనుకుని తాతయ్య వరకూ మిమ్మల్ని మన్నించాను.

కానీ మీకు బుద్ధిచెప్పేవాళ్లు అప్పటికే వచ్చారు కదా. 1870లలో విలియం విల్సన్ హంటర్ భారతీయ పేర్లను రోమన్ లిపిలో రాయడానికి ఒక పద్ధతి పెట్టాడు. ప్రభుత్వం దాన్ని ఆమోదించింది. క అంటే కే, ఇ అంటే ఐ, ఉ అంటే యూ. త రాయడానికి టీ, థ రాయడానికి టీ పక్కన హెచ్. ట రాయాలంటే టీ కింద చుక్క పెట్టాలి. మామూలు రాతలో ఆ చుక్కను అందరూ వదిలేశారు. దాంతో త, ట రెండూ ఒకే టీ అయిపోయాయి. హిందీవాళ్లు దాంతో సర్దుకున్నారు. మన దక్షిణాదివాళ్లకు అది మింగుడుపడలేదు. ఉత్త టీ పెడితే ట అని, టీ-హెచ్ పెడితే త అని మనం వాడుక చేసుకున్నాం. అందుకే అక్కడ లత పేరులో హెచ్ ఉండదు, ఇక్కడ ఉంటుంది. జిడ్డు కృష్ణమూర్తి పేరు ప్రపంచమంతా టీ-ఐతో ముగుస్తుంది. మా వీధిలో కృష్ణమూర్తులందరూ టీ-హెచ్-వైతో ముగుస్తారు.

ఈ రెండు పద్ధతుల మధ్య మీరు ఏదో ఒకటి ఎంచుకుని ఉంటే మాకు ఏ గొడవా లేదు. మీరు రెండింటినీ పట్టుకుని ఊగారు. మా ఇంటిపేరులో తకు త వత్తు ఉంది. రెండు టీలు పెడితే తెలుగువాళ్లే 'కొట్టపల్లి' అని చదువుతారు. టీ-హెచ్ పెడితే ఒత్తు పోయి 'కోతపల్లి' అవుతుంది, ఉత్తరాది వెళ్తే 'కోథాపల్లి' అవుతుంది. టీ-హెచ్‌ను రెండుసార్లు రాస్తే గడులు చాలవు. ఇందులో కష్టం ఉందని నేను కాదనను. కొత్తవలస రైల్వే జంక్షన్‌కు రెండు టీలు, కొత్తగూడేనికి టీ-హెచ్. రెండుచోట్లా అదే కొత్త. కానీ ఆ ఊళ్లు ఒక్కసారి పెట్టుకున్న బోర్డును ప్రతి తరంలో మార్చుకోలేదు.

మా నాన్న తరం దగ్గరికి వస్తాను. బడిలో వేసినప్పుడు మీరు కేతో మొదలయ్యారు. సీ పోయింది, సంతోషం. చివర వై పెట్టుకున్నారు, ఎందుకంటే అప్పటికి ఈ ప్రాంతంలో పల్లికి పీ-ఏ-ఎల్-ఎల్-వై స్థిరపడింది. కూకట్‌పల్లి, కొంపల్లి అన్నీ ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. కోస్తాలో అదే పల్లి ఐతో ముగుస్తుంది. రాయలసీమలో మదనపల్లెలా ఈతో ముగుస్తుంది. ఆ మూడూ మూడు ప్రాంతాల అలవాట్లు వదిలిన గుర్తులు. ఆ తేడాను నేను గౌరవిస్తాను. కానీ మాది ఒకే ఇల్లు, మల్కాజ్‌గిరిలో ఒకే వీధి. ఆ మూడింటినీ ఒకే కుటుంబంలోకి తెచ్చిపెట్టారు మీరు.

నాన్న ఉద్యోగకాలమంతా మీరు 'కే' అన్న ఒక్క అక్షరంలో ఒదిగిపోయి ఉన్నారు. మా కుటుంబానికి మీరు ఇచ్చిన అత్యంత సుఖమైన రోజులవి. కే చుక్క, తర్వాత పేరు. తెలుగువాళ్లకు ఆ ఇనీషియల్ ఒక రక్షణగా ఉండేది. ఇంటిపేరు ఏ ప్రాంతపు వేషంలో ఉందో ఎవరికీ అక్కర్లేదు. నాన్న జీతం వచ్చింది, ప్రమోషన్ వచ్చింది, పెన్షన్ ఆర్డర్ కూడా కే చుక్కతోనే వచ్చింది. అదే సమయంలో ఊళ్లో పొలం కాగితాల మీద మీరు రెండు టీలతో, చివర ఐతో ఉన్నారన్న సంగతి మాకెవరికీ తెలియనివ్వలేదు.

మా తరానికి వచ్చేసరికి మీరు పూర్తిగా పగ్గాలు తెంచుకున్నారు. పదో తరగతి పరీక్షకు ముందు బడిలో నామినల్ రోల్స్ రాస్తారు. ఏ పంతులుగారి చేతి మీదుగా అవి వెళ్తే ఆయన ప్రాంతం అలవాటు మీలోకి వచ్చేది. నా సర్టిఫికెట్‌లో టీ-హెచ్, చివర ఐ. నా వెనకాల పెద్ద తమ్ముడికి టీ-హెచ్, చివర వై. చిన్న తమ్ముడి ఏడాది ఆ పని చేసిన మాస్టారు చిత్తూరు వైపు మనిషి, చివర ఈ పెట్టారు. ఆయన ఊరి పద్ధతిలో అది పూర్తిగా సరైనదే. ఆ ఒక్క అక్షరం ఇవాళ చిన్న తమ్ముడి డిగ్రీ మీద, పాస్‌పోర్టు మీద, అమెరికాలో అతని ఇంటి దస్తావేజు మీద ఉంది. పెద్ద తమ్ముడి పిల్లలూ చిన్న తమ్ముడి పిల్లలూ వరసకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. కాగితం మీద వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు.

పెళ్లయిపోయింది, నా పేరు ముందు మరో ఇంటిపేరు వచ్చింది, ఇక మీతో నాకు పనేముంది అని మీరు అనుకోవచ్చు. ఆడపిల్లకు మీతో బంధం పెళ్లితో తెగదు. నేను ఏ పరీక్ష పాసయ్యానో, ఎప్పుడు పుట్టానో చెప్పే కాగితాలన్నీ మీ పేరు మీదే ఉన్నాయి. పైగా నాన్న పోయాక అమ్మకు తోడుగా కార్యాలయాలకు తిరిగింది నేనే.

అమ్మ సంగతి ఒక్కటే మీకు కాస్త వివరంగా చెప్పాలి. నాన్న పెన్షన్ ఆర్డర్‌లో కే చుక్క. ఆయన ఆధార్‌లో టీ-హెచ్, చివర వై. బ్యాంకు పుస్తకంలో రెండు టీలు. మరణ ధ్రువపత్రంలో మీకు ఏం తోచిందో, ఒక ఎల్ మానేశారు. అమ్మ ఆధార్‌లో భర్త పేరు మరో రకం. కుటుంబ పెన్షన్ కోసం ఈ కాగితాలన్నీ ఒకే బల్ల మీద పెట్టినప్పుడు అవతలి మనిషి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "వీళ్లందరూ ఒక్కరేనని రుజువేమిటమ్మా?" అమ్మ తల వంచుకుంది. నాన్నతో నలభై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి తన భర్త ఒక్కడేనని నిరూపించాలి. స్టాంపు కాగితం మీద రాయించాం. 'ఫలానా, అలియాస్ ఫలానా, అలియాస్ ఫలానా' అని మీ రూపాలన్నీ వరసగా రాసి, అందరూ ఒక్కరేనని నోటరీ ముందు ప్రమాణం చేయించాం. అలియాస్ అన్న మాట పోలీసు వార్తల్లో తప్ప ఎక్కడా చూడలేదు మా అమ్మ. మా నాన్న పేరు పక్కన దాన్ని పెట్టించింది మీరు.

పెన్షన్ ఆగిన ఆ నెలల్లో అమ్మ మందుల ఖర్చు పిల్లలం పెట్టుకున్నాం, అది పెద్ద విషయం కాదు. తన భర్త సంపాదన తనకు చేరకుండా ఆగింది అక్షరాల వల్లే అని ఆమెకు తెలిసింది. దానికి మీరు ఏం జవాబు చెబుతారో నాకు తెలియదు.

నేను కటువుగా మాట్లాడుతున్నానని అనిపిస్తే, మీవాళ్లు ఇతర ఇళ్లలో ఎలా నడుచుకున్నారో కూడా చూశానని చెప్పనివ్వండి. రావు అన్న రెండక్షరాల మాటకు మీవాళ్లు మూడు వేషాలు వేశారు. టి. మాధవరావు గారి దగ్గర ఆర్-ఓ-డబ్ల్యూ. రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులు గారి దగ్గర ఆర్-ఏ-యూ. ఇప్పుడు ఆర్-ఏ-ఓ. భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఆ పాత డబ్ల్యూతోనే ప్రపంచ వైద్యశాస్త్రంలో నిలిచింది. ఎల్లాప్రగడకు ముందు ఒక వై కూడా తగిలించారు. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. అందులో రావు చివరి వు లేదు.

కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి, సీతోనే సి.ఆర్.రెడ్డి. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు సీతోనే సి.ఆర్.రావు. ఆయన 1945లో రాసిన వ్యాసం నుంచి వచ్చిన క్రేమర్-రావు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతాలు ప్రపంచంలో గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ చదువుతాడు. 2023లో నూటరెండేళ్ల వయసులో కాలం చేసే నాటికి ఆ శాస్త్రంలో ఆయనకు మించిన తెలుగు పేరు లేదు. అందులో కల్యంపూడి ఎక్కడ? ఇంటిపేరు ఒక్క సీ దగ్గర ఆగిపోయింది, అదీ కే కావాల్సిన సీ. అంత గొప్పవాడి ఇంటిపేరుకే చోటు దొరకనిచోట మా కొత్తపల్లి ఎంత అని మీరు అనొచ్చు. నేను ఆ మాట ఒప్పుకోను. గొప్పవాళ్లకు వాళ్ల పని గుర్తింపు ఇస్తుంది, స్పెల్లింగు ఎలా ఉన్నా గుర్తుపడతారు. మా అమ్మలాంటివాళ్లకు కాగితం తప్ప వేరే గుర్తింపు లేదు.

సముద్రాలు దాటినవాళ్ల కథ ఇంకా దుఃఖం. మద్రాసు నుంచి బయల్దేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరులో దర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లు చాలామంది. ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకున్నారు. ఇంటిపేరుకు గడి లేదు. ఇవాళ దక్షిణాఫ్రికాలో నాయుడు అన్న మాట రెండు ఓలతో లక్షణమైన ఇంటిపేరు. దాని వెనక ఏ కొత్తపల్లి వారు, ఏ గుంటూరు వారు ఉన్నారో వాళ్ల మునిమనవలకు చెప్పగలిగేవాళ్లు అరుదు. ఇది మీరు చేసిన పని కాదు, మీరు అక్కడికి అసలు రాలేదు. రావాల్సినచోట రాకపోవడమూ ఒక ద్రోహమే.

ఇప్పటి ప్రయాణాల్లోనూ మీ ధోరణి అదే. మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గడులున్నాయి, ఇనీషియల్స్ ఒప్పుకోరు, విప్పి రాయాలి. ఏది ఎక్కడ రాయాలో తెలియక ఒక గడి ఖాళీగా వదిలినవాళ్లకు అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని అర్థం. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద రానివ్వమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. గల్ఫ్‌లో పనిచేసే కొడుకును చూడటానికి బయల్దేరిన మన తల్లిదండ్రులకు ఈ గడులు ఎవరు చెప్పారు?

మీరు మారగలరనీ, మిమ్మల్ని పట్టి ఉంచవచ్చనీ నాకు నమ్మకం ఉంది కాబట్టే ఇంత రాస్తున్నాను. మన గిడుగు రామమూర్తి గారు 1931లో అచ్చయిన తన సవర భాష పుస్తకంలో రోమన్ అక్షరాలతోనే ఒక గిరిజన భాషను రాసి చూపించారు. అచ్చు దీర్ఘమైతే పక్కన రెండు చుక్కలు. పుస్తకం పేరులో 'సోరా' అన్న మాటకే రెండుచోట్ల ఆ చుక్కలు పెట్టారు. ఒక తెలుగు మాస్టారు పర్లాకిమిడిలో చేసిన పని అది. అంత శ్రద్ధ ఒక్క పదోవంతు మా గుమాస్తాలకు ఉన్నా మా త వత్తు బతికేది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. 1918లో అమెరికాలో రాబర్ట్ రసెల్ అనే ఆయన పేర్లను స్పెల్లింగుతో కాకుండా ధ్వనితో వెతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాన్నే సౌండెక్స్ అంటారు. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు, హెచ్, వై తీసేసి, ఒకే జాతి హల్లులకు ఒకే అంకె ఇస్తారు. పక్కపక్కన ఒకే హల్లు రెండుసార్లు వస్తే ఒక్కసారే లెక్క. ఒక మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని మీ రూపాలన్నిటికీ ఆ లెక్క వేశాను. రెండు టీలది, టీ-హెచ్‌ది, ఐది, వైది, ఈది, ఎల్ ఒకటే ఉన్నదీ, అన్నీ కే-314 అయ్యాయి. తాతయ్యది మాత్రం సీ-314. కోటపల్లి వారు కూడా అదే అంకెలో పడతారు, కాబట్టి ఇది పూర్తి రుజువు కాదు. అయినా నూరేళ్లకు ముందటి ఒక లెక్కకు మేమంతా ఒకే ఇంటివాళ్లమేమోనన్న అనుమానం వచ్చింది. చేతిలో కంప్యూటరున్న బల్లలకు రాలేదు.

అందుకని మీతోపాటు మిమ్మల్ని నమ్మేవాళ్లనూ అడుగుతున్నాను. ఆధార్ కార్డు మీద మా పేరు తెలుగులోనూ ఉంటుంది. 2010లో ఆధార్ మొదలైనప్పటి నుంచీ ఉంది. పేరు సరిపోలలేదని కంప్యూటర్ చెప్పినప్పుడు ఆ తెలుగు వరసను చూడమనండి. నాన్న ఆధార్‌లో, అమ్మ ఆధార్‌లో అది అక్షరం తేడా లేకుండా కొత్తపల్లి. పదో తరగతి సర్టిఫికెట్ మీద, పెన్షన్ ఆర్డర్ మీద, భూమి పాసుపుస్తకం మీద తెలుగు పేరు తప్పనిసరిగా ఉండాలి, ఇంగ్లీషులో తేడా వస్తే తెలుగుదే చెల్లాలి. 1966లో అధికారభాషా చట్టం చేసుకున్న రాష్ట్రంలో పుట్టినదాన్ని నేను. ఇది గొంతెమ్మ కోరిక అనుకోను. ఒత్తు తెలిసిన లిపి మన చేతిలో ఉండగా ఒత్తు లేని లిపిని సాక్ష్యానికి పిలవడం అన్యాయం.

చివరిగా, మీకు ఒక కొత్త పని పడింది. పెద్ద తమ్ముడి కొడుకు, మా మేనల్లుడికి పోయిన నెల ఆడపిల్ల పుట్టింది. మీరు వచ్చాక మా ఇంట ఐదో తరం. మీకు తెలుసో లేదో, 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికైనా పాస్‌పోర్టుకైనా ఆధార్‌కైనా జనన ధ్రువపత్రమే ఆధారం. అంటే ఈ పిల్లకు నామినల్ రోల్స్ రాసే పంతులు ఉండడు, చెవికి తోచినట్టు రాసే గుమాస్తా ఉండడు. ఒక్కసారి రాస్తే అదే. పేరు రాయించడానికి పన్నెండు నెలల దాకా రుసుము లేదు, తర్వాత రుసుముతో పదిహేనేళ్ల దాకా గడువుంది. మేం అంత ఆగదలుచుకోలేదు.

ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. రెండు టీలు పెడదామని నేను అన్నాను, ఒత్తు కనబడుతుందని. అమెరికా నుంచి చిన్న తమ్ముడు ఫోన్లోనే తన ఈ వైపు వాదించాడు. అమ్మ అంతా విని, "దాని నాన్నది ఎట్లా ఉంటే అట్లా ఉండాలె. రేపు అది నా తిప్పలు పడొద్దు" అన్నది. మేనల్లుడి ఆధార్‌లో మీరు నడుమ ఖాళీ వదిలి రెండు ముక్కలుగా నిలబడ్డారు. అది ముందు దిద్దించుకున్నాడు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, అందులో ఒకటి మీకే ఖర్చయింది.

కాబట్టి పాపకు కే-ఓ-టీ-హెచ్-ఏ-పీ-ఏ-ఎల్-ఎల్-వై. పది అక్షరాలు, నడుమ ఖాళీ లేదు. దరఖాస్తు వచ్చే సోమవారం ఇస్తున్నాం. మేనల్లుడు రాస్తాడు, పక్కన కూర్చుని అక్షరం అక్షరం చదివేది నేను.

ఇట్లు,
కొత్తపల్లి వారి పెద్దకూతురు